కప్పగల్లు కొండమీది పలుకురాళ్లు

రేడియో ముందు కూర్చున్న శ్రోతకు మా ముఖము కనబడదు. కంఠస్వరమొక్కటే ఆధారము. దానినిబట్టియే మాట్లాడువాని వయస్సును, ప్రాంతమును, ఒక్కొక్కప్పుడు వాని మనఃస్థితిని గూడ శ్రోత ఊహించుకొనుచుండును. ఆ ఊహ కొన్నిమారులు సరిపోవును. కొన్నిమారులు బొత్తిగా తప్పిపోవును. పురావస్తు పరిశోధనయందు కన్నుగాక తక్కిన యింద్రియములు ఎంతవరకు పనికివచ్చునో చెప్పబూనిన మాకు, వినుటయే తప్ప చూచుటకు వీలులేని ఈ చోటు అనువైనదిగనే తోచుచున్నది.

గతకాలమును మనము సాధారణముగా కంటితోనే తెలిసికొనుచున్నాము. వస్తుప్రదర్శనశాలకు పోయినచో అద్దాల బీరువాలలో రాతిగొడ్డండ్లు, కుండపెంకులు, పూసలు వరుసగా పేర్చి యుండును. ప్రక్కన 'ముట్టరాదు' అని వ్రాసిన పలక యుండును. ఆ పలక అవసరమే. దినమునకు వేయిమంది ముట్టినచో వస్తువు మిగులదు. కాని ఆ గొడ్డలిని చేసినవాడు దానిని దినముల తరబడి ముట్టుచునే చేసెను; అరచేతితో తడిమి, ఇంకను గరుకుగా నున్నదని మరల నూరెను. త్రవ్వకముల నివేదికలును ఇట్టివే. కొలతలు, పటములు, ఛాయాచిత్రములు — అన్నియు కంటికి సంబంధించినవి. 'ప్రత్యక్షము' అనగా కంటి యెదుట నున్నదని వాడుకలో అర్థము స్థిరపడినది గాని, మన తార్కికులు ఆ మాటను అంత ఇరుకుగా వాడలేదు. చెవి, చర్మము, నాలుక, ముక్కు — వీనివలన కలిగిన జ్ఞానమును వారికి ప్రత్యక్షమే.

ఈ విషయము మాకు గ్రంథములవలనగాక ఒక కొండమీద బోధపడినది. బళ్ళారి పట్టణమునకు ఈశాన్యముగా కొన్ని కిలోమీటర్ల దూరమున సంగనకల్లు, కప్పగల్లు అను గ్రామములున్నవి. అచటి కొండలు మన రాయలసీమ కొండలవంటివే. గుండ్లమీద గుండ్లు పేర్చినట్లుండును. బళ్ళారి 1953వ సంవత్సరమున మైసూరు రాష్ట్రమున చేరినది గాని, ఆ వైపు పల్లెలలో తెలుగు ఇప్పటికిని వినవచ్చును. బళ్ళారి రాఘవ కంఠము మ్రోగిన నేల అది. అంతకు వేలయేండ్ల పూర్వము అక్కడ మ్రోగినదేదియో తెలిసికొనవలెనన్నచో కప్పగల్లు కొండ యెక్కవలెను. కన్నడములో దానిని హిరేగుడ్డ, అనగా పెద్దకొండ, అందురు.

ఆ కొండ శరీరమంతయు లేతవన్నె గ్రానైటు. దాని వెన్నుమీద మాత్రము నల్లని రాళ్ల కట్ట యొకటి పోయినది. కోట్లాది సంవత్సరముల క్రిందట భూగర్భమునుండి కరగిన రాయి గ్రానైటు పగుళ్లలోనికి చొచ్చుకొనివచ్చి గడ్డకట్టగా ఏర్పడినది అది. శాస్త్రజ్ఞులు డోలరైటు అందురు. రాళ్ల వ్యాపారులకది నల్ల గ్రానైటు. సన్నని కణములు గట్టిగా అల్లుకొన్న రాయి. నవీన శిలాయుగపు జనులు, అనగా సుమారు క్రీ. పూ. 3000 మొదలు 1200 వరకు దక్కనునందు పశువులను మేపుచు, కొద్దిగా సేద్యము చేయుచు బ్రతికినవారు, ఈ నల్లరాతితోనే తమ గొడ్డండ్లను చేసికొనిరి. ఆ కొండమీదనే వారి పనిచోటు కలదు. చెక్కుళ్లు నేటికిని కుప్పలుగా పడియున్నవి.

ఆ నల్లగుండ్లమీద వందలకొలది బొమ్మలు కలవు. పెక్కులు మూపురము గల పశువులు, పొడవైన కొమ్ములవి. మనుష్యుల రూపములును ఉన్నవి. ఉలితో చెక్కినవి కావు. మరియొక రాతితో మోది మోది పైపొరను నలుగగొట్టి తీర్చినవి. 1892వ సంవత్సరమున ఫాసెట్ అను నాతడు వీనిని గూర్చి విద్వాంసులకు తెలియజేసెను. తరువాత వెదుకబోయిన కొందరికి ఆ చోటు దొరకకపోవుటయు జరిగినది. బెండపూడి సుబ్బారావుగారు సంగనకల్లునందు త్రవ్వి 1948వ సంవత్సరమున బళ్ళారి శిలాయుగములను గూర్చి గ్రంథము ప్రకటించిరి. అటుపిమ్మట అన్సారీగారును నాగరాజరావుగారును 1964–65 ప్రాంతమున త్రవ్విరి. ఈ శతాబ్దారంభమున నికోల్ బోయ్విన్, రవి కోరిశెట్టర్, డోరియన్ ఫుల్లర్ మొదలగువారు కలిసి ఆ కొండలను మరల పరిశీలించిరి. బొమ్మల నడుమ కొన్ని గుండ్లమీద చిన్న చిన్న గుంటలు, గాళ్లు కలవు. చూచుటకు వానిలో విశేషమేమియు లేదు. అయితే ఊరివారు వానిని వాద్యపురాళ్లని చెప్పుకొనుచుండిరి. ఆ గుంటలలో గ్రానైటు రాతితో కొట్టగా గంటవలె గంభీరమైన నాదము వెలువడెను. 2004వ సంవత్సరమున 'ఆంటిక్విటీ' పత్రికయందు బోయ్విన్ ఈ సంగతిని ప్రకటించిరి.

ఇచట ఒక్క క్షణము నిలువవలెను. ఎన్నియో యేండ్లుగా కన్ను ఆ గుంటలను చూడగలదు, కొలువగలదు, పటము గీయగలదు. అవి యెందుకున్నవో చెప్పుట మాత్రము దానివలన కాదు. కొట్టి వినినవారికే తెలిసినది. ఆ కొట్టి వినుటయు పండితులకంటె ముందు మేకల కాపరులు చేసిరి.

మేము కొండ యెక్కిన దినమున మాతో ఆ గ్రామపు వృద్ధుడొకడు వచ్చెను. పురాతనపు గుంటలమీద కొట్టరాదని ముందే అనుకొని యుంటిమి. వచ్చినవారందరును కొట్టినచో కొన్ని యేండ్లకు పాత దెబ్బ యేదో కొత్త దెబ్బ యేదో తెలియకుండ పోవును. బొమ్మలు, గుంటలు లేని యొక గుండును ఆయన మాకు చూపెను. మాలో ఒకరు ఎడమచేతిని గుండుమీద ఆనించి, కుడిచేతితో గులకరాతిని పుచ్చుకొని కొట్టిరి. మామూలు రాతి చప్పుడే వచ్చినది. ముసలివాడు నవ్వి, "సామీ, ఆ చెయ్యి తియ్యండి. పట్టుకుంటే అది పలకదు," అన్నాడు. చేయి తీసి కొట్టగా సన్నగా మొదలై సాగినట్టి నాదమొకటి లేచి, ఎదుటి గుండ్ల వరకు పోయి తగ్గినది. మాకు మాటలు రాలేదు. ముసలివాడు మాత్రము బీడీ ముట్టించుకొని, ఇంతకంటె బాగుగా పలుకు గుండు పైన కలదనియు, ఎండ పెరుగకముందే పోవలెననియు చెప్పెను.

ఇందులో మాయ లేదు. గుండు నేలలో కూరుకొనిపోక, రెండు మూడు చోట్ల మాత్రమే ఆని నిలిచినచో, కొట్టినప్పుడు దాని దేహమంతయు కంపించుటకు వీలు కలుగును. లోపల పగులున్నను, మట్టిలో దిగబడినను, మనిషి చేయి తగిలినను కంపము చచ్చిపోవును. సన్నని కణముల రాయి గనుక నాదము నిలుచును. ఇదే సీమయందు, హంపిలోని విఠలాలయపు స్తంభములను మీటి వినిన శ్రోతలు పెక్కుమంది యుందురు. అవి శిల్పులు తెలిసి చేసినవి. ఇవి ప్రకృతి అమర్చి పెట్టగా మనుష్యుడు వెదకి కనుగొన్నవి. రెండింటి నడుమ మూడువేల యేండ్ల దూరమున్నది. వానికి సంబంధము కలదని మేము చెప్పబోవుట లేదు. పలుకురాళ్లు ఇతర ఖండములలోను లేకపోలేదు. నైజీరియాలోని బిర్నిన్ కుడు అను చోట బొమ్మలున్న గుహల చెంత నిట్టి రాళ్లున్నట్లు బెర్నార్డు ఫాగ్ 1950వ దశకముననే వ్రాసెను.

బొమ్మల సంగతికి వత్తము. వానిలో కొన్ని, మనిషి నిలుచుటకైన చోటు లేని గుండ్ల ప్రక్కలయందున్నవి. అటువంటిదానిని చూచుటకే మేము పొట్టమీద ప్రాకవలసివచ్చినది. ఇక ఒక చేత పట్టుకొని, మరియొక చేత గంటలకొలది మోదిన వారి మాట యేమి? క్రిందినుండి చూచువానికి ఆ బొమ్మ కనబడదు. కనబడుటకే వేసియుండినచో అంత మంచి బండలుండగా అక్కడ నేల వేయవలెను? వేయుటయే వారికి ముఖ్యమై యుండవచ్చునని బోయ్విన్ అభిప్రాయము. మాకును అది సమంజసముగనే తోచినది. ఒక్క ఎద్దు బొమ్మకు ఎన్ని వందల దెబ్బలు కావలెనో లెక్కింపుడు. పలుకు గుండుమీద వేయునప్పుడు ప్రతి దెబ్బయు మ్రోగును. కాగా ఎద్దును గీయుటయు, రాతిని వాయించుటయు ఒకే పనియై యుండును. ఆ చప్పుడు క్రింది ఊరికి, మేతలోనున్న మందలకు వినబడియుండును. మనము చిత్రమని పిలుచుచున్నది ఆ వాద్యము విడిచిన జాడయేమో.

"ఏమో" అనుట సంకోచముచేత కాదు. రాతిమీది దెబ్బకు వయస్సు కట్టుట కష్టము. బొగ్గును, ఎముకను పరీక్షించినట్లు దానిని పరీక్షింప వీలులేదు. పశువుల రూపమును, సమీపమునందలి ఊరి త్రవ్వకములను, రాతి వన్నె మారిన తీరును కలిపి చూచి నవీన శిలాయుగమునాటివని అనుమాన ప్రమాణమున చెప్పుచున్నారు. తరువాతి కాలములవారును అవే గుండ్లమీద బొమ్మలు వేసిరి. గుంటలన్నియు ఒకే కాలపువి కానక్కరలేదు.

అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి యున్నది. పైన మేము "గంటవలె" అంటిమి. ఆ నాదము వినిన ప్రతివాడును అదే మాట అనును. ఆలయములో, బడిలో, ఎడ్ల మెడలలో గంటలు వినుచు పెరిగిన చెవులు మనవి. కాని ఆ రాతిని మొదట మ్రోగించినవాడు గంటను వినియుండలేదు. అతని లోకమున కంచు లేదు, ఇనుము లేదు. చివరి దినములలో కొద్దిపాటి రాగివస్తువులు మాత్రము కనబడినవి. అతడు వినిన చప్పుళ్లలో గాలి, వాన, ఉరుము, పశువు, మనిషి, కట్టె, తోలు, రాయి తప్ప మరియొకటి యుండినట్లు తోచదు. అట్టివానికి రాయి పలికిన ఆ పలుకు దేనివలె నుండెను? మనకు తెలియదు. తరువాతి తరములలో ఎవరైనను తొలిసారి లోహపు మ్రోత వినినప్పుడు, ఇది కొండమీది రాతివలె నున్నదే అని యుందురు కాబోలు. చెవి మనలను వారి చెంతకు తీసికొనిపోయినది నిజమే; గుమ్మము దగ్గర నిలిపినదియు నిజమే.

చర్మపు సాక్ష్యము కొంత నయము. ఆ కొండలమీద గ్రానైటు బండలయందు నూరిన గాళ్లు ఎన్నియో కలవు. గొడ్డలి అంచును నీటితోను ఇసుకతోను నూరి నునుపు చేసిన చోట్లు. ఒక గాడిలో చేయి పెట్టి చూచితిమి. అరచేతి అంచు దానిలో సరిగా ఒదిగెను. గాడి యే వాలున నున్నదో, నూరువాడు ఏ వైపు కూర్చుండెనో, ఎండ అతని వీపున పడెనో ముఖమున పడెనో అచట కూర్చున్నవానికి తెలియును. ఇవి చిన్న సంగతులే గాని పటములో కనబడవు. ఎవరైనను అక్కడ కూర్చుండి సరిచూచుకొనవచ్చును గనుక ఇవి ఊహలును కావు. క్రిస్టఫర్ టిల్లీ అను ఆంగ్ల విద్వాంసుడు 1994వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో, ప్రాచీన స్థలములను నడచి, దేహముతో తెలిసికొనవలెనని వాదించెను. ఆయన దేహము వేరు, ప్రాచీనుల దేహము వేరని విమర్శకులనిరి. రెండు మాటలును సత్యమే. మోకాలినొప్పిగల మాకు ఆ కొండ ఎంత నిడుపో, పదేండ్ల కాపరిపిల్లవానికి అంత నిడుపు కాదు.

రుచిని గూర్చి కొద్దిగానే చెప్పగలము. త్రవ్వితీసిన మట్టిని నీట కలిపి, పైకి తేలిన మాడు గింజలను ఫుల్లర్ ప్రభృతులు పరీక్షించిరి. ఉలవలు, పెసలు, అండుకొర్రలు దొరకినవి. మన మెట్టపొలములలో అక్కడక్కడ నేటికిని పండుచున్నవే. ఉలవచారు వారికి తెలిసినదని సంతోషించు శ్రోతలు మిరపకాయను మరువవలెను. అది అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి రాక తరువాత మనకు వచ్చినది.

వాసన యొక్కటి రాతిమీద నిలువదు. అయినను ఆ కాలపు వాసనను గూర్చి మనకు కొంత తెలియును. బళ్ళారి, రాయచూరు, పాలమూరు ప్రాంతములలో పెద్ద పెద్ద బూడిదదిబ్బలు కలవు. భీముడు చంపిన హిడింబాసురుని చితాభస్మమని జనులు చెప్పుకొనిరి. అగ్నిపర్వతపు బూడిద యనియు, లోహము కరగించిన కిట్టమనియు పండితులు వాదించిరి. కాలిన ఆవుపేడ యని రాబర్టు బ్రూస్ ఫుట్ చెప్పెను. 1957వ సంవత్సరమున ఆల్చిన్ పాలమూరు సీమలోని ఉట్నూరు దిబ్బను త్రవ్వగా, గుంజలు పాతిన పశువుల దొడ్డి బయల్పడినది. అది పలుమారులు కాలినది. పలుమారులు మరల కట్టబడినది. ఒక పొరలో పశువుల గిట్టల అచ్చులు అట్లే నిలిచియుండెను. 1960వ సంవత్సరమున జాయినర్ పరీక్షలు ఫుట్ మాటనే బలపరచినవి. కొన్ని దిబ్బలలో పేడ గాజువలె కరగి గట్టిపడినది, అంతటి వేడి. పిడకల పొగ ముక్కునకు తగిలి పెరిగినవారికి ఆ దిబ్బ ప్రక్కన నిలిచినప్పుడు వేరొకరు చెప్పనక్కరలేదు. ఒక ఊరి పేడయంతయు కుప్పగా పోసి రాత్రివేళ తగులబెట్టినచో ఆ వెలుగు ఎంత దూరము కనబడునో, ఆ పొగ ఎన్ని దినములు బట్టలను వదలదో వారు ఊహించుకొనగలరు. ఎందుకు కాల్చిరన్న ప్రశ్నకు మాత్రము ముక్కు బదులు చెప్పదు. పండుగకని ఆల్చిన్ తలంచెను. ఆ చర్చ ఇంకను ముగియలేదు.

ఇంద్రియ సాక్ష్యమునకు స్థలము ప్రాణము. దీనికి మన కృష్ణాతీరముననే దృష్టాంతము కలదు. నాగార్జునకొండ లోయలో 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున జరిగిన త్రవ్వకములలో ఇక్ష్వాకుల నాటి రంగస్థలమొకటి, చుట్టును మెట్లవరుసలతో, బయటపడినది. సాగరపు నీరు లోయను ముంచునని తెలిసి దానిని అనుపు అను చోట మరల నిర్మించిరి. మేము అక్కడ నడుమ నిలిచి చప్పట్లు చరచి వింటిమి. ఆ శబ్దము అనుపుదే గాని ఇక్ష్వాకులది కాదు. రూపమును అంత శ్రద్ధతో కాపాడినవారికి కృతజ్ఞులము కావలసినదే; చుట్టునున్న కొండను, గాలిని తరలించుట వారి చేతిలో లేదు. ఇప్పటి చప్పట్లనుబట్టి ఆనాటి సభికులేమి వినిరో చెప్పుట తగదు.

కప్పగల్లు కొండ మునుగలేదు. దానికి వేరొక యాపద. ఆ సీమలో గ్రానైటుకు, కంకరకు గిరాకి మెండు. రాతిపనివలన ఆ కొండలో కొంత భాగము ఇదివరకే చెడినది. దానికి ఉత్తరమున ఇంకను ప్రాచీనమైన బొమ్మలు గల రాతిచాటు కొంత నశించినదనియు బోయ్విన్ తెలిపిరి. బొమ్మ గల రాతిని కోసి ప్రదర్శనశాలకు చేర్చవచ్చునని ఎవరైన అనవచ్చును. పలుకు గుండు అట్లు కాదు. అది ఆని నిలిచిన ఆ రెండు మూడు చోట్ల నుండి కదిపినచో మూగబోవును; గదిలో నేలమీద పెట్టినచో మామూలు నల్లరాయి. దాని క్రింది గుండు పగిలినను అంతే. రాతిపనివారిని నిందించుట మా యుద్దేశము కాదు. వారికి ఆ కూలియే జీవనము. మాతో వచ్చిన వృద్ధుని కుమారుడును అందులోనే పనిచేయుచుండెను. ఏ గుండ్లు విడువవలెనో గుర్తుపెట్టి వారికి చెప్పినవారు లేరని మాత్రము ఆయన అన్నాడు. తనకైతే అన్నియు తెలియునట. అడిగినచో చూపునట.

దిగివచ్చుటకు ముందు ఆ నాదమును మా వెంట కొనిపోయిన యంత్రముపై ముద్రించుకొంటిమి. తరువాత దానిని ఒక మిత్రునికి, ధ్వనిముద్రణ వృత్తిగా గలవానికి, వినిపించితిమి. రెండు దెబ్బలు వినగానే "ఇది ఏ గుడి గంటండీ?" అని అడిగెను. రాయి యని చెప్పగా మరల వినెను. దెబ్బకును దెబ్బకును నడుమ, దూరమునుండి కంకర ఆడించు యంత్రపు చప్పుడు సన్నగా వినబడుచుండెను. దానిని తీసివేసి శుభ్రము చేయవచ్చునని ఆయన అనెను. వలదని చెప్పితిమి.